మోకాలి మార్పిడి తర్వాత అమ్మకి యాంటీబయాటిక్ ఎన్నాళ్లు వేయాలి? పన్ను పీకించే ముందు కూడా వేయాలా?

తెనాలి అమ్మాయి

అందరికీ నమస్కారం. మా అమ్మకి 66 ఏళ్లు. పదకొండేళ్లుగా షుగరు ఉంది. పోయిన ఏడాది కుడి మోకాలు మార్పించాం. ఇప్పుడు బాగానే నడుస్తోంది, గుడి మెట్లు కూడా ఎక్కుతోంది. వచ్చే నెల ఎడమ మోకాలికి పెట్టుకున్నాం. నా భయమంతా ఇన్ఫెక్షన్ గురించే.

కిందటిసారి డిశ్చార్జి చేసేటప్పుడు సెఫురాక్సిమ్ 500 అనే యాంటీబయాటిక్ మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున పది రోజులకి రాశారు. ఎనిమిది రోజులు వేసుకునేసరికి అమ్మకి విరేచనాలు పట్టుకున్నాయి, ఆపేసింది. మిగిలిన నాలుగు మాత్రలూ హార్లిక్స్ డబ్బాలో దాచింది. మొన్న వంటింటి అలమర సర్దుతూ చూస్తే డబ్బాలో రెండే ఉన్నాయి. అడిగితే, "మోకాలు వెచ్చగా అనిపించినప్పుడు ఒకటి వేసుకున్నాలే" అంది. అది ఎప్పుడో కాదు, ఈ నెలలోనే.

మా ఎదురింటి పిన్నిగారికి ఆపరేషన్ అయ్యాక నెల రోజులు మాత్రలు వాడించారట. "లోపల ఇనుము పెడుతున్నారు, పది రోజులేం సరిపోతాయి, ఈసారి అడిగి ఎక్కువ రోజులు రాయించుకోండి" అని మా బాబాయి ఒకటే పోరు. దీనికి తోడు అమ్మకి కింది దవడ పన్ను ఒకటి పుచ్చి పట్టు వదిలింది. తీసేయాలని పన్ను డాక్టరు గారు చెప్పారు. మోకాలు మార్చిన సంగతి చెబితే, "ముందు యాంటీబయాటిక్ వేయాలేమో, మీ ఎముకల డాక్టర్ని అడిగి రండి" అన్నారు. ఆయన అపాయింట్‌మెంటు ఇంకో పన్నెండు రోజులకి గానీ లేదు. ఈలోపు తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి.


మందుల షాపు, కరీంనగర్

అక్కా, డాక్టరు సంగతులు నేను చెప్పలేను, షాపు సంగతి చెప్త. మోకాళ్ల ఆపరేషన్ అయినోళ్ల ఇంటోళ్లు పాత చీటీ పట్టుకొని వస్తరు, "అదే మందు ఇంకో పది రోజులకి ఇయ్యి" అంటరు. నేను ఇయ్య. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉన్న మందు డాక్టరు చీటీ లేకుండా ఇయ్యొద్దు. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లైతే షెడ్యూల్ హెచ్1 కింద, అంటే సర్కారు గట్టి నిఘా పెట్టిన మందుల పట్టికల ఉంటయి. 2014 మార్చి నుంచి వాటికి వేరే రిజిస్టరు పెట్టి, రాసిన డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని ఇచ్చినమో రాసుకోవాలె, మూడేండ్లు దాచాలె. ఆ డబ్బాల ఉన్న రెండు మాత్రలు మాత్రం ఇయ్యాల్నే తీసెయ్యి.


విశాఖ సిస్టర్ (రిటైర్డ్)

తల్లీ, నేను డాక్టర్ని కాదు. 27 ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేశాను, చివరి తొమ్మిదేళ్లూ ఎముకల థియేటర్‌కి ఇన్‌ఛార్జి సిస్టర్ని. మోకాళ్ల కేసులకీ తుంటి కేసులకీ ఇంజెక్షను కలిపి ఎక్కించింది ఈ చేతులే. అందుకే చెబుతున్నా. మీరందరూ డిశ్చార్జి తర్వాతి మాత్రల గురించి మాట్లాడుతున్నారు. అసలు పని చేసేది మాత్ర కాదు, కోత పెట్టక ముందు పడే ఇంజెక్షను.

ఎక్కువగా వాడేది సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్. గ్రాము సీసాలో తెల్లటి పొడి. పెద్దవాళ్లకి రెండు గ్రాములు, 120 కిలోలు దాటినవాళ్లకి మూడు. నీళ్లు పోసి కలిపాక సీసా దీపం వైపు పెట్టి చూసేదాన్ని, అడుగున పొడి రేణువు ఒక్కటి కూడా మిగలకుండా తేటపడాలి. తర్వాత నరంలోకి మెల్లగా, మూడు నుంచి ఐదు నిమిషాలు. ఇది కోతకి ముందు గంటలోపు పడాలి. మరీ ముందు ఇస్తే కోసే వేళకి రక్తంలో పలచబడిపోతుంది. కోసిన తర్వాత ఇస్తే అప్పటికే క్రిములు లోపలికి దిగి ఉంటాయి. మోకాలికి ఇంకో చిక్కు కూడా ఉంది. రక్తం కారకుండా తొడకి టూర్నికే పట్టీ చుట్టి గాలి నింపుతారు. నింపాక కిందికి రక్తం దిగదు, రక్తం దిగకపోతే మందూ దిగదు. కాబట్టి పట్టీలో గాలి నింపే ముందే మందు మొత్తం ఒంట్లోకి వెళ్లిపోవాలి. ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే మరో డోసు వేస్తాం. కొందరికి వాంకోమైసిన్ అనే వేరే యాంటీబయాటిక్ ఇవ్వాల్సి వస్తుంది, దాన్ని మెల్లగా సెలైన్లో ఎక్కించాలి గనక కోతకి రెండు గంటల ముందు నుంచే మొదలుపెట్టొచ్చు.

ఒకసారి ఏం జరిగిందంటే, వార్డులో ఏడింటికే ఇంజెక్షను వేసి పేషెంటుని పంపేశారు. ఇంప్లాంటు (లోపల పెట్టే కృత్రిమ కీలు) ట్రేలు ఆటోక్లేవ్ నుంచి, అంటే ఆవిరితో క్రిములు చంపే యంత్రం నుంచి, రావడం ఆలస్యమైంది. అందరం గౌన్లు తొడుక్కుని నిలబడి ఉన్నాం. తొమ్మిదింబావుకి కోత పెట్టబోతుంటే మత్తు డాక్టరమ్మ కేసు షీటు తిప్పి, వేలితో వేళ లెక్కపెట్టి, "ఆగండి, మళ్లీ డోసు వేయాలి" అంది. ఆవిడ చూడకపోతే ఆ పెద్దాయనకి కాపలా లేకుండానే కత్తి దిగేది. ఆ రోజుతో వార్డులో ఇంజెక్షను వేసి పంపడం మాన్పించాను. థియేటర్ గోడకి తెల్ల బోర్డు పెట్టించి నాలుగు వేళలు రాయించేదాన్ని: ఇంజెక్షను, పట్టీ, కోత, ఆఖరి కుట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ల కోసం తయారుచేసిన చెక్‌లిస్టులోనూ ఈ ప్రశ్న ఉంది, గడిచిన 60 నిమిషాల్లో యాంటీబయాటిక్ ఇచ్చారా అని. మీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లినప్పుడు "ఎన్ని రోజులు మాత్రలు రాస్తారు" అని కాదు, "ఇంజెక్షను ఎక్కడ వేస్తారు, ఎన్ని నిమిషాల ముందు వేస్తారు" అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని జంకకండి. మంచి సర్జన్ ఆ ప్రశ్నకి సంతోషిస్తాడు.

ఇక ఎన్నాళ్లు అన్నది. కుట్లు వేసేశాక నివారణ కోసం యాంటీబయాటిక్ కొనసాగించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు 2017లో అదే మాట అన్నారు, గాయంలోంచి రక్తం, నీరు బయటికి లాగే డ్రెయిన్ గొట్టం ఉన్నా సరే అక్కర్లేదని. ఎముకల సర్జన్లు చాలామంది 24 గంటల వరకు ఇచ్చి ఆపేస్తారు. మన దగ్గర ఐదు రోజులు, పది రోజులు రాయడం అలవాటుగా పాతుకుపోయింది. షుగరు, బరువు ఎక్కువున్నవాళ్లకి వారం పాటు మాత్రలు ఇచ్చే సర్జన్లు అమెరికాలో కూడా ఉన్నారు, దాని మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కాబట్టి మీ డాక్టరు గారు రాస్తే మీరు సొంతంగా మానేయకండి, ఎందుకు రాశారో అడగండి. కానీ ఆయన రాయకపోతే బతిమాలి రాయించుకోవడం మాత్రం వద్దు. మీ అమ్మగారికి విరేచనాలు ఊరికే రాలేదు. పేగుల్లో మనకి మేలు చేసే క్రిములు కూడా ఆ మాత్రలకే చస్తాయి. మందుకి లొంగని రకాలు మిగిలి పెరుగుతాయి.

మీ బాబాయి గారు ఇనుము అన్నారు చూడండి, సరిగ్గా ఆ ఇనుము వల్లే ఎక్కువ రోజుల మాత్రలు కాపాడలేవు. లోహానికి రక్తనాళాలు ఉండవు. నీళ్ల తొట్టి గోడకి పాచి పట్టినట్టు క్రిములు లోహం మీదా ప్లాస్టిక్ మీదా బంకలాంటి పొర కట్టుకుని దాని కింద కూర్చుంటాయి. ఒకసారి పొర కట్టాయంటే మాత్ర వాటిని చేరినా చంపలేదు. అవి అంటుకోక ముందే అడ్డుకోవాలి. అందుకే ఆ మొదటి గంటకి అంత విలువ.

ఇంకో సంగతి చెప్పాలి. ఇప్పుడు మనం చేస్తున్న తుంటి మార్పిడిని నిలబెట్టినాయన ఇంగ్లండులో రైటింగ్టన్ ఆసుపత్రి సర్జన్ జాన్ చార్న్‌లీ, 1960ల్లో. మొదట్లో ఆయన కేసుల్లో నూటికి ఏడుగురి దాకా చీము పట్టేది. ఆయన థియేటర్‌లో గాలిని వడగట్టించాడు, ఆపరేషన్ చేసేవాళ్ల ఊపిరి కూడా బయటికి లాగేసే సూట్లు తొడిగించాడు. నివారణ యాంటీబయాటిక్ ఇవ్వకుండానే అది నూటికి ఒకరికంటే తగ్గింది. నా దగ్గర పని నేర్చుకోడానికి వచ్చిన ప్రతి పిల్లకీ ఇది చెప్పేదాన్ని. థియేటర్ తలుపు ఊరికే తెరిచి మూయొద్దు అంటే అది నా చాదస్తం కాదని వాళ్లకి అర్థం కావాలి.

ఇంట్లో మీ చేతిలో ఉన్నవి చాలానే ఉన్నాయి. మూడు నెలల షుగరు పరీక్ష, హెచ్‌బీఏ1సీ, చేయించండి. ఏడున్నర, ఎనిమిది దాటి ఉంటే చాలామంది సర్జన్లు ఆపరేషన్ వాయిదా వేస్తారు, వేస్తే బాధపడకండి. ముక్కులో స్టాఫ్ (స్టెఫైలోకాకస్) అనే క్రిమి ఉందేమో దూదిపుల్లతో పరీక్ష చేస్తారా అని అడగండి. ఉంటే ముపిరోసిన్ పూత ఐదు రోజులు రెండు పూటలా ముక్కులో రాయిస్తారు, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందుతో స్నానం చేయిస్తారు. అమ్మగారి పాదాలు మీరే ఒళ్లో పెట్టుకుని చూడండి. మడమ పగుళ్లు, వేళ్ల సందుల్లో పాసిపోవడం, గోరు పక్కన చీము, ఇవేవీ ఆపరేషన్ రోజుకి ఉండకూడదు. మోకాలి దగ్గర వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీయకండి. కంటికి కనపడని గాట్లు పడతాయి, వాటిలో క్రిములు చేరతాయి. తీయాల్సి వస్తే ఆసుపత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ హార్లిక్స్ డబ్బా సంగతి ఒక ఎత్తు. మోకాలు మార్చాక కొన్ని నెలలు వెచ్చగా ఉండటం మామూలే. కానీ ఏడాది అవుతుండగా ఇప్పుడు వెచ్చగా ఉందంటే కుడి మోకాలిని డాక్టరు చూడాలి. సీఆర్పీ, ఈఎస్ఆర్ అని, ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే రక్తపరీక్షలు చేస్తారు, అవసరమైతే సూదితో నీరు తీస్తారు. ఈలోపు ఒక్క యాంటీబయాటిక్ మాత్ర కూడా వేయకండి. మాత్ర పడితే నీటిలో క్రిమి పెరగదు, లోపల ఉన్నా లేనట్టు రిపోర్టు వస్తుంది. సాధారణంగా నీరు తీసే ముందు రెండు వారాలు యాంటీబయాటిక్ లేకుండా ఉంచుతారు. ఆవిడ ఏ తారీకున వేసుకుందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. పన్నెండు రోజులు ఆగకండి, ఫోను చేసి ఈ ఒక్క ముక్క చెబితే ముందే రమ్మంటారు. కుడి మోకాలి సంగతి తేలకుండా ఎడమది చేయరు, చేయకూడదు కూడా.


తెనాలి అమ్మాయి

సిస్టర్ గారూ, మీకు చేతులెత్తి దండం. ఒక్క మాట. అమ్మకి చిన్నప్పుడు ఏదో ఇంజెక్షనుకి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని, అది పెన్సిలిన్ అని అమ్మమ్మ చెప్పేది. కిందటిసారి ఆసుపత్రిలో ఈ సంగతి చెప్పామో లేదో కూడా నాకు గుర్తులేదు. సెఫజోలిన్ పడుతుందా?


విశాఖ సిస్టర్ (రిటైర్డ్)

మంచి ప్రశ్న. "ఎలర్జీ ఉంది" అని మూడు ముక్కల్లో చెప్పకండి. ఏం జరిగిందో చెప్పండి: ఏ వయసులో, దద్దుర్లేనా, ముఖం వాచిందా, ఊపిరి ఆడలేదా, స్పృహ తప్పిందా. ఎలర్జీ అన్న మాట మాత్రమే కేసు షీటులో పడితే చాలాసార్లు సెఫజోలిన్ పక్కన పెట్టి వేరే మందు ఇస్తారు, మోకాళ్లకి దానంత బాగా కాపాడే మందు ఇంకోటి దొరకడం కష్టం. సెఫజోలిన్ పెన్సిలిన్‌కి చుట్టమే, కానీ దాని అణువుకి పక్కన ఉండే కొమ్మ పెన్సిలిన్ కొమ్మలా ఉండదు. అందుకని పెన్సిలిన్ పడనివాళ్లలో ఎక్కువమంది దాన్ని తట్టుకుంటారు. పైగా మీ అమ్మగారు సెఫజోలిన్ కుటుంబంలోదే అయిన సెఫురాక్సిమ్ ఎనిమిది రోజులు వేసుకున్నారు, దద్దుర్లు రాలేదు కదా? అది కూడా మత్తు డాక్టరు గారికి చెప్పండి, ఆయన తేలుస్తారు.


నిజామాబాద్ నుంచి

సిస్టరమ్మ చెప్పిన మాట మీద నాది చెప్తా, మా బాపు సంగతి. తుంటి మార్పించినం. తొమ్మిదో రోజు నుంచి కుట్ల కాడ కట్టు తడుస్తుండె. చీము కాదు, పల్చగ గోధుమ రంగు నీరు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేస్తే, "ఏం కాదు, కట్టు మార్పించుకొని మాత్రలు వాడుండ్రి" అని ఫోన్లనే చెప్పిన్రు. ఊర్ల ఆర్ఎంపీ మాత్రలిచ్చిండు, అయిదు రోజులకి ఆరింది. మేం సంబురపడ్డం. పది రోజులకి మళ్ల తడిసింది, మళ్ల మాత్రలు. ఇట్ల మూడుసార్లు. బాపు తొడ మీద చెయ్యి వేస్తే కాలుతుండె, అయినా "తగ్గుతది లే" అనేటోడు.

నాలుగో నెల హైదరాబాద్ తీస్కపోతే, ఆ డాక్టరు సారు మొట్టమొదలు అడిగింది, "నీరు తీసి కల్చర్ చేసిన్రా?" అని, అంటే ల్యాబుల క్రిమిని పెంచి చూసిన్రా అని. ఎవ్వలు చెయ్యలె. తీస్తే క్రిమి పెరగలె, ఎందుకంటే మాత్రలు నడుస్తున్నయి. అన్నీ ఆపి పదిహేను రోజులు ఊరుకొని మళ్ల తీసిన్రు. అప్పుడు దొరికింది, స్టాఫ్. మొదటి నెలలనే వస్తే లోపల కడిగి, ప్లాస్టిక్ ముక్క మార్చి, లోహం అట్లనే ఉంచే ఛాన్స్ ఉంటుండె అని సారు చెప్పిండు. అప్పటికే ఆలస్యమైంది. పెట్టినదంత తీసేసిన్రు. కొత్తది పెట్టేదాక ఆ జాగల ఉండేటందుకు మందు కలిపిన సిమెంటుతోని స్పేసర్ పెట్టిన్రు. ఆరు వారాలు నరంల ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు. కాలు కింద పెట్టనియ్యలె. ఆ తర్వాత ఇంకో ఆపరేషన్ చేసి కొత్త తుంటి పెట్టిన్రు. రెండెకరాలల్ల ఎకరం పోయింది.

ఇప్పుడు బాపు కట్టె పట్టుకొని పొలం గట్టు దాకా పోతుండు. కానీ ఆ తొమ్మిదో రోజే కట్టు ఫోటో పంపుడు కాదు, మనిషిని బండిల ఏసుకొని పోవాల్సుండె. అక్కా, అమ్మకి ఆపరేషన్ అయినంక వారం దాటినా కట్టు తడుస్తుంటే మాత్రల కోసం అడగొద్దు. చేసిన డాక్టరు కండ్లతోని చూడాలె. రాత్రయినా సరే పోండ్రి.


లెస్టర్ తెలుగు పన్ను డాక్టర్

తెనాలి అమ్మాయి గారూ, పన్ను సంగతి నేను చెబుతాను. మాది బాపట్ల, ఇంగ్లండులో పన్నెండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఇక్కడ కీలు మార్పించుకున్నారన్న ఒక్క కారణంతో పన్ను పనికి ముందు యాంటీబయాటిక్ ఇవ్వం. రోజూ అలాంటి పేషెంట్లని చూస్తాను, పన్నులు తీస్తాను. అమెరికాలో మాత్రం పద్ధతి చాలాసార్లు మారింది. ఒకప్పుడు కీలు మార్చిన మొదటి రెండేళ్లు ఇవ్వమన్నారు, 2009లో ఎముకల సర్జన్ల సంఘం జీవితాంతం ఇవ్వడం మంచిదన్నట్టు చెప్పింది. 2015లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ మామూలుగా అక్కర్లేదని తేల్చింది. మన ఊళ్లో పన్ను డాక్టర్లు చదువుకున్న కాలాన్ని బట్టి ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేది అందుకే. వాళ్ల తప్పు కాదు.

పళ్లు తోముకున్నా, గట్టిగా నమిలినా కూడా నోటి క్రిములు కాసేపు రక్తంలోకి వెళ్తాయి, చిగుళ్లు పాడైతే ఇంకా ఎక్కువ. ఏడాదికోసారి పన్ను పనికి ముందు వేసే ఒక డోసు కంటే చిగుళ్లు బాగుచేయించుకోవడం వల్లే మేలు. షుగరు బాగా అదుపు తప్పినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు, అంతకుముందు కీలులో ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ల విషయంలో సర్జన్‌తో మాట్లాడి నిర్ణయిస్తారు. అప్పుడు కూడా ఇచ్చేది పన్ను తీసే గంట ముందు అమాక్సిసిలిన్ రెండు గ్రాములు, ఒక్కసారి మాత్రమే, అయిదు రోజుల కోర్సు కాదు. మీ అమ్మగారికి పెన్సిలిన్ అనుమానం ఉంది గనక ఆ మాట అక్కడా చెప్పాలి. గుండెలో కృత్రిమ కవాటం ఉంటే లెక్క పూర్తిగా వేరు, రెండూ కలపకండి.

నా సలహా, ఎడమ మోకాలికి ముందే ఆ పన్ను తీయించేయండి, పుండు మానాకే ఆపరేషన్. పుచ్చు పన్ను నోట్లో పెట్టుకుని థియేటర్‌లోకి వెళ్లొద్దు. సిస్టర్ గారు చెప్పినట్టు కుడి మోకాలి పరీక్షల వరకు యాంటీబయాటిక్ వేయకూడదు కాబట్టి, పన్ను డాక్టరు గారు, ఎముకల డాక్టరు గారు ఒకసారి ఫోన్లో మాట్లాడుకోవాలి. మీరు మధ్యలో కబురు మోయకండి, ఇద్దరి నంబర్లూ ఇద్దరికీ ఇవ్వండి.


తెనాలి అమ్మాయి

అందరికీ చెబుతున్నాను. నిన్న పొద్దున్నే ఎముకల డాక్టరు గారి ఆసుపత్రికి ఫోను చేసి, "మోకాలు వెచ్చగా ఉంది, ఇంట్లో మాత్రలు వేసుకుంది" అన్నాను. సాయంత్రమే రమ్మన్నారు. ఆయన రెండు మోకాళ్ల మీదా చెరో చెయ్యీ పెట్టి చాలాసేపు చూశారు, వంచి చాపించారు. వాపు లేదు, నీరు చేరలేదు అన్నారు. సీఆర్పీ, ఈఎస్ఆర్, హెచ్‌బీఏ1సీ రాశారు. ఈఎస్ఆర్ కొంచెం ఎక్కువ ఉంది, సీఆర్పీ మామూలుగానే ఉంది. మాత్ర వేసుకుందని తెలిసి, మూడు వారాల తర్వాత మళ్లీ చేయిద్దాం అన్నారు. హెచ్‌బీఏ1సీ 8.6 వచ్చింది. ఎడమ మోకాలు వాయిదా. షుగరు డాక్టరు దగ్గరికి పంపారు.

ఇంజెక్షను ఎక్కడ వేస్తారని అడిగాను సిస్టర్ గారూ. ఆయన నవ్వి, "థియేటర్లోనే, పట్టీ బిగించే ముందు, మీకెవరు చెప్పారమ్మా?" అన్నారు. విశాఖ సిస్టర్ గారు అన్నాను.

నిజామాబాద్ అన్నగారూ, మీ నాన్నగారి సంగతి అమ్మకి చదివి వినిపించాను. వింటూ వింటూ ఆవిడే లేచి వెళ్లి హార్లిక్స్ డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. పన్నుకి వచ్చే గురువారం టైము ఇచ్చారు, డాక్టర్లిద్దరూ మాట్లాడుకున్నారు, యాంటీబయాటిక్ లేకుండానే తీస్తారట. రాత్రి పడుకునే ముందు అమ్మ పాదాలు ఒళ్లో పెట్టుకుని చూశాను. ఎడమ మడమకి రెండు లోతైన పగుళ్లు ఉన్నాయి, చిటికెన వేలి సందులో పాసి ఉంది. ఇన్నాళ్లూ నేను చూడలేదు.